కంప్యూటరులో పాత ప్రోగ్రాముల శేషం - కారణాలు, నివారణోపాయాలు

అగ్నిశేషం, ఋణశేషం, శత్రుశేషం మిగల్చరాదని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఆరిపోయిందనుకున్న నిప్పు రాత్రి గాలికి రాజుకుంటుంది. తీరిందనుకున్న అప్పు వడ్డీతో పెరిగి ఇంటిమీదికి వస్తుంది. ఈ మూడు శేషాలకు తోడుగా ఈ కాలంలో నాలుగవది ఒకటి చేరింది. అది కంప్యూటరునుండి తొలగించామనుకున్న ప్రోగ్రాము వెనుక వదలిపోయే శేషం. పాతది పూర్తిగా పోనందున కొత్తది ఎక్కదు. ఎందుకు ఎక్కలేదో తెర సూటిగా చెప్పదు. విద్యార్థి విసిగిపోయి యంత్రాన్ని నిందిస్తాడు, లేక తన అదృష్టాన్ని నిందించుకుంటాడు.

ఈ విషయంపై తెలుగు ఉపన్యాసకుడు కలం పట్టడమేమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చు. నేను కంప్యూటరు శాస్త్రం చదివినవాడిని కాను. అయితే గత విద్యాసంవత్సరంలో మన గ్రంథాలయంలో జరిగిన ఒక సంఘటన నన్ను ఈ విషయం నేర్చుకొనక తప్పని స్థితికి తెచ్చింది. ఆ రోజు నా తొందరపాటు ఇంకొక నిమిషం సాగి ఉంటే, మన కళాశాలకు తీరని నష్టం జరిగి ఉండేది. అందుకే నేర్చుకున్నదానిని విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు విన్నవించుకొనడం నా విధి అని భావించాను.

గ్రంథాలయంలో జరిగినది

మన గ్రంథాలయంలోని ఉర్దూ, తెలుగు పుస్తకాల పట్టికను కొన్నేళ్ళ క్రితం డిగ్రీ విద్యార్థుల బృందమొకటి కంప్యూటరులోకి ఎక్కించింది. రెండు వేసవి సెలవులు వారు అలమారాల ముందు కూర్చొని, అట్టలు ఊడిన పుస్తకాలను సైతం విప్పి చూసి, గ్రంథనామం, రచయిత, ముద్రించిన ఊరు, సంవత్సరం నమోదు చేశారు. ఉర్దూ పేర్లు ఉర్దూ లిపిలో, తెలుగు పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి. దీనికి వారు వాడినది మైసీక్వెల్ అనే డేటాబేసు ప్రోగ్రాము, 2018లో వెలువడిన 8.0 శ్రేణికి చెందినది. చదువు ముగించుకొని వారు వెళ్ళిపోయారు. దాని సంకేతపదం కూడ వారితోనే వెళ్ళిపోయింది.

ఈ పట్టికను కొనసాగించాలని ఒక బి.ఎస్సీ. విద్యార్థి ముందుకు వచ్చాడు. సంకేతపదం తెలియక పాత ప్రోగ్రాము తెరుచుకోలేదు. అతడు దాని సర్వీసును ఆపి, ప్రోగ్రాం ఫైల్స్‌లో ఉన్న దాని ఫోల్డరును చేతితో చెరిపివేసి, కొత్తగా స్థాపించబోయాడు. ఫైళ్ళన్నీ సజావుగానే ఎక్కాయి. తీరా చివరి అంకంలో, డేటాబేసును సిద్ధపరచి సర్వరును ప్రారంభించవలసిన చోట, ఎర్రని గుర్తు పడి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు, అక్కడే ఆగింది. ఫైలు చెడిపోయిందేమోనని మరల దిగుమతి చేసుకున్నాడు. యాంటీవైరస్‌ను కాసేపు నిలిపి చూశాడు. అయినా ఆగడం అక్కడే.

"సార్, మూడుసార్లు ఎక్కించాను. మూడుసార్లూ ఒకేచోట ఆగిపోయింది," అన్నాడు అతడు నా దగ్గరకు వచ్చి.

ఆ మాటలోనే సగం జవాబు ఉన్నదని అప్పుడు నాకు తోచలేదు. చెడిపోయిన ఫైలు, తెగిపోయే ఇంటర్నెట్టు వంటి కారణాలైతే ఒక్కొక్కసారి ఒక్కొక్కచోట ఆగే అవకాశం ఎక్కువ. ప్రతిసారీ ఒకేచోట కాలికి రాయి తగులుతున్నదంటే, రాయి ఆ చోటనే ఉన్నదన్నమాట.

స్థాపన అంటే ఏమిటి?

ప్రోగ్రామును స్థాపించడమంటే కొన్ని ఫైళ్ళను ఒక ఫోల్డరులోకి తెచ్చి పెట్టడమేనని మనలో చాలామంది భావిస్తారు. అది పొరపాటు. ఒక కుటుంబం ఊరిలోకి కాపురానికి వచ్చిందనుకుందాం. సామాను ఇంట్లో దించుకొనడంతో పని తీరదు. కరెంటు మీటరు వారి పేరుకు మారాలి. రేషను కార్డు రావాలి. ఓటర్ల జాబితాలో పేరు చేరాలి. పంచాయతీ వారి పన్నుల రిజిస్టరులో నమోదు కావాలి. ప్రోగ్రాము విషయమూ ఇంతే. దాని ముఖ్యభాగం ప్రోగ్రాం ఫైల్స్‌లో దిగుతుంది. అది పోగుచేసే సమాచారం ప్రోగ్రాం డేటా అనే మరొక ఫోల్డరులో చేరుతుంది. వాడేవారి అభిరుచులు, అమరికలు యాప్‌డేటా అనే చోట ఉంటాయి. తెర వెనుక నిరంతరం పనిచేయవలసిన ప్రోగ్రామైతే సర్వీసుల జాబితాలో దాని పేరు ఎక్కుతుంది. వీటన్నిటికీ ఆనవాలుగా విండోస్ రిజిస్ట్రీలో పద్దులు పడతాయి.

ఈ రిజిస్ట్రీ విండోస్‌కు పెద్ద దఫ్తరు వంటిది. 1992లో వచ్చిన విండోస్ 3.1లోనే దీని తొలిరూపం ఉన్నా, 1995లో విండోస్ 95 వచ్చిన పిదపనే ఇది వ్యవస్థ అంతటికీ ఆధారమైంది. ప్రోగ్రాములను చేర్చుటకు, తొలగించుటకు కంట్రోల్ ప్యానెల్‌లో ప్రత్యేక స్థానం ఏర్పడినదీ ఆ విండోస్ 95లోనే. ఆ తరువాత స్థాపన పనిని క్రమబద్ధం చేయడానికి మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఇన్‌స్టాలర్ అనే సేవను 1999లో ఆఫీస్ 2000తో పాటు ప్రవేశపెట్టింది. ఏ ప్రోగ్రాము ఏయే ఫైళ్ళు తెచ్చింది, రిజిస్ట్రీలో ఏయే పద్దులు రాసింది అన్న లెక్క ఈ సేవ దగ్గర ఉంటుంది. మధ్యలో ఆటంకం కలిగితే చేసిన పనినంతటినీ వెనుకకు తీసుకొనడం కూడ దీని పనే. నిండుతూ వచ్చిన గీత ఒక్కసారిగా వెనుకకు జరగడం మనం తెరపై చూసేది దీనివల్లనే.

భూమి రికార్డులలో ఒకరి పేరు కొట్టివేసి మరొకరి పేరు రాయడాన్ని ఉర్దూలో దాఖిల్ ఖారిజ్ అంటారు. స్థాపన దాఖలు వంటిది, తొలగింపు ఖారిజు వంటిది. పొలంలో పాత రైతు నాగలి లేకపోయినంత మాత్రాన దఫ్తరులో అతని పేరు దానంతట అది పోదు. మా విద్యార్థి చేసినది సరిగ్గా ఇదే. ఇల్లు కూల్చాడు గాని దఫ్తరులో పేరు కొట్టించలేదు.

తొలగించినా ఎందుకు మిగులుతుంది?

చేతితో ఫోల్డరు చెరిపితే శేషం మిగలడం సహజం. కాని పద్ధతి ప్రకారం తొలగించినప్పుడు కూడ కొంత మిగులుతుంది. దీనికి ఐదు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది, తొలగించే ప్రోగ్రాముకు తాను తెచ్చినవాటి జాబితా మాత్రమే తెలుసు. స్థాపన తరువాత వాడుకలో పుట్టిన ఫైళ్ళు ఆ జాబితాలో ఉండవు. వచ్చిన అతిథి తాను తెచ్చిన పెట్టె పట్టుకొని పోతాడు గాని, పెరట్లో తాను నాటిన మొక్కను పెకలించుకొని పోడు గదా!

రెండవది, కొన్నిటిని కావాలనే వదులుతారు. డేటాబేసులో ఉన్న సమాచారం వాడుకరి సొత్తు. దానిని అడగకుండా చెరిపే అధికారం ప్రోగ్రాముకు లేదు. ఎన్నో ప్రోగ్రాములు అమరికలను కూడ, మళ్ళీ స్థాపిస్తే పనికివస్తాయని, అలాగే ఉంచుతాయి.

మూడవది, కొన్ని ఫైళ్ళు ఉమ్మడి ఆస్తి. ఒకే గ్రంథాలయ ఫైలును రెండు మూడు ప్రోగ్రాములు వాడుకుంటాయి. ఎందరు వాడుతున్నారన్న లెక్క రిజిస్ట్రీలో ఉంటుంది. ఆ లెక్క సున్నాకు దిగనంతవరకు ఆ ఫైలు కదలదు.

నాలుగవది, తొలగించే సమయానికి వాడుకలో ఉన్న ఫైలును విండోస్ చెరపనీయదు. మళ్ళీ ప్రారంభించినప్పుడు చెరపవలెనని గుర్తు రాసుకుంటుంది. మనం మళ్ళీ ప్రారంభించకుండానే కొత్త స్థాపనకు దిగితే పాతది ఇంకా అక్కడే ఉంటుంది.

ఐదవది, మధ్యలో తెగిపోయిన పని. తొలగింపు సగంలో ఉండగా కరెంటు పోవడం మన ప్రాంతాలలో కొత్త విషయం కాదు.

యంత్రం చెప్పే సంకేతాలు

విఫలమైన స్థాపన సాధారణంగా ఒక సంఖ్యను చూపి ఊరుకుంటుంది. ఆ సంఖ్యలు అర్థం లేనివి కావు. విండోస్ ఇన్‌స్టాలర్ 1638 అని చూపితే, ఈ ప్రోగ్రాము యొక్క మరొక రూపాంతరం ఇప్పటికే స్థాపితమై ఉన్నదని అర్థం. మనకు ఎక్కడా కనిపించకపోయినా దఫ్తరులో దాని పేరున్నదన్నమాట. 1605 అయితే దీనికి విపర్యయం: స్థాపితం కాని ప్రోగ్రామును తొలగించమని అడిగారని భావం. 1612 అంటే తొలగించుటకో బాగుచేయుటకో కావలసిన మూలప్రతి దొరకడం లేదని. 1714 అంటే పాత రూపాంతరాన్ని తీసివేయలేకపోతున్నానని. 1618 అంటే మరొక స్థాపన నడుస్తున్నదని. దీనికి కొద్దిసేపు ఆగడమో, యంత్రాన్ని మళ్ళీ ప్రారంభించడమో చాలు. ఇక అందరినీ భయపెట్టే 1603కు అర్థం కేవలం ఘోరవైఫల్యం అని మాత్రమే. అది జ్వరం వంటిది, రోగం పేరు కాదు. దాని కారణం చిట్టాలో వెదకాలి.

చిట్టా, అంటే లాగ్ ఫైలు, రోగి చెప్పుకొనే విన్నపం వంటిది. అది చదవకుండా వైద్యం చేయడం గుడ్డివాడు రాయి విసరడమే. చాలా స్థాపనలు తాత్కాలిక ఫైళ్ళ ఫోల్డరులో చిట్టాను రాసిపెడతాయి. విండోస్ ఇన్‌స్టాలర్‌ను ఆజ్ఞాపంక్తి నుండి నడిపి, సమగ్రమైన చిట్టా రాయమని అడగవచ్చు కూడ. ఆ చిట్టా వేల పంక్తులు ఉంటుంది. అంతా చదవనక్కరలేదు. 'రిటర్న్ వాల్యూ 3' అనే మాటను అందులో వెదికి, దానికి పైనున్న కొన్ని పంక్తులు చదివితే ఏ మెట్టు దగ్గర జారిపడినదీ సాధారణంగా తెలిసిపోతుంది. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ కూడ ఇటువంటి దినచర్య పుస్తకమే.

మా చిట్టా ఏమి చెప్పింది?

మూడు ప్రయత్నాలు వ్యర్థమైన తరువాత మేము చిట్టా తెరిచాము. మైసీక్వెల్ తన పొరపాట్ల చిట్టాను తన డేటా ఫోల్డరులోనే రాస్తుంది. అందులో కారణం స్పష్టంగా ఉన్నది. డేటాబేసును కొత్తగా ఆరంభించమన్నారు, కాని డేటా ఫోల్డరులో అప్పటికే ఫైళ్ళు ఉన్నాయి, కనుక విరమిస్తున్నాను అని దాని సారాంశం. సి డ్రైవులోని ప్రోగ్రాం డేటా ఫోల్డరు మామూలుగా కంటికి కనిపించదు. దాచిన ఫైళ్ళను చూపమని విండోస్‌ను అడిగితేనే బయటపడుతుంది. మా విద్యార్థి ప్రోగ్రాం ఫైల్స్‌ను చెరిపాడు గాని దీనిని చూడనే లేదు. సర్వీసుల జాబితాలో కూడ 'మైసీక్వెల్ 80' అనే పాత పేరు, ఇల్లు లేని యజమానిలాగ, అలాగే నిలిచి ఉన్నది.

కారణం తెలిసిన ఉత్సాహంలో నేను, "ఇంకేముంది బాబూ, ఆ ఫోల్డరంతా చెరిపెయ్. శేషం మిగల్చకూడదు," అన్నాను. అతడు ఫోల్డరును ఎంచుకున్నాడు. డిలీట్ మీట మీద వేలు ఉంచాడు.

అప్పుడు పక్కనే కూర్చొని చూస్తున్న మా ఉర్దూ శాఖ పెద్దలు ఒకరు, "జర ఆగండి. అందులో ఏమున్నది?" అని అడిగారు.

అందులో ఏమున్నది? రెండు వేసవుల శ్రమ ఉన్నది. గ్రంథాలయపు పట్టిక యావత్తూ అందులోనే ఉన్నది. దానికి మరొక ప్రతి ఎక్కడా లేదని లైబ్రేరియన్ గారు తరువాత తెలిపారు. మేము చెత్త అనుకున్నది నిజానికి ధనం. కొత్త స్థాపన దానిని తుడిచివేయకుండా ఆగిపోయింది. ఏ వైఫల్యాన్ని మేము మూడుసార్లు తిట్టుకున్నామో, ఆ వైఫల్యమే మా పట్టికను కాపాడింది.

ఆ పెద్దలే ఒక చక్కని మాట చెప్పారు. మనం తెలుగులో అప్పు అనే అర్థంలో వాడే 'బాకీ' అరబీ భాషనుండి వచ్చినది. దాని అసలు అర్థం 'మిగిలి ఉన్నది' అని మాత్రమే. మిగిలినదంతా అప్పు కాదు, కొంత ఆస్తి కూడ. ఆనాటినుండి నేను శేషాన్ని చూసే దృష్టి మారింది. శేషాన్ని రెండుగా విభజించాలి: తీసివేయవలసినది, దాచుకొనవలసినది. ఈ విభజన చేసిన తరువాతనే చీపురు పట్టాలి.

నివారణ క్రమం

మేము ఆ పిదప చేసిన పనిని, ఇతరులకు ఉపకరించే విధంగా వరుసక్రమంలో వివరిస్తున్నాను.

1. సర్వీసు నడుస్తున్నదేమో చూసి, నడుస్తుంటే ఆపాలి. నడుస్తున్న డేటాబేసు ఫైళ్ళను నకలు చేస్తే ఆ నకలు నమ్మదగినది కాదు.

2. డేటా ఫోల్డరును సంపూర్ణంగా బయటి డిస్కులోకి నకలు చేయాలి. కావలసిన పట్టికల ఫైళ్ళు మాత్రమే ఏరుకుంటే చాలదు. మైసీక్వెల్‌లో పట్టికల సమాచారం, వాటి వర్ణన, లావాదేవీల చిట్టా వేర్వేరు ఫైళ్ళలో ఉండి ఒకదానిపై ఒకటి ఆధారపడతాయి. మేము రెండు నకళ్ళు తీసి, ఫైళ్ళ సంఖ్యను, పరిమాణాన్ని మూలంతో సరిచూశాము.

3. విండోస్‌లో పునరుద్ధరణ బిందువును ఏర్పరచాలి. రిజిస్ట్రీలో ఏ పద్దునైనా ముట్టుకొనే ముందు ఆ భాగాన్ని ఎగుమతి చేసి ఉంచుకోవాలి.

4. సెట్టింగ్స్‌లోని ప్రోగ్రాముల జాబితాలో పాతదాని పేరు ఇంకా ఉంటే, అక్కడినుండే పద్ధతిగా తొలగించాలి. ఫైళ్ళు ముందే పోయినా చాలా సందర్భాలలో ఈ పని నెరవేరుతుంది. తొలగించడానికి కావలసిన ప్రతిని విండోస్ ఇన్‌స్టాలర్ తన దగ్గర దాచుకొని ఉంటుంది. ఇది సాగకపోతే, స్థాపన, తొలగింపు సమస్యలకై మైక్రోసాఫ్ట్ వారు ఉచితంగా అందించిన సహాయక ప్రోగ్రామును ప్రయోగించవచ్చు.

5. అనాథగా మిగిలిన సర్వీసును తొలగించాలి. అడ్మినిస్ట్రేటరు హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఎస్‌సి డిలీట్' అనే ఆజ్ఞ, దాని పక్కన సర్వీసు పేరు ఇస్తే సరిపోతుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. సర్వీసుల కిటికీ తెరిచి ఉండగా ఈ ఆజ్ఞ ఇస్తే, 'తొలగించుటకు గుర్తించబడినది' అనే అర్థంగల 1072 సంఖ్య ఎదురుకావచ్చు. పేరు మాత్రం పోదు. ఆ కిటికీ మూయాలి, లేదా యంత్రాన్ని మళ్ళీ ప్రారంభించాలి. రెండవ చిక్కు మరీ వింతైనది. కమాండ్ ప్రాంప్ట్‌కు బదులు విండోస్ పవర్‌షెల్‌లో ఇదే ఆజ్ఞ ఇస్తే సర్వీసు పోదు, పొరపాటు సందేశమూ రాదు. అక్కడ 'ఎస్‌సి' అనేది ఫైలులో రాయమనే వేరొక ఆజ్ఞకు పొట్టిపేరు. కనుక 'డిలీట్' అనే పేరుతో ఒక ఫైలు పుట్టి, అందులో మన సర్వీసు పేరు రాసి ఉంటుంది! పవర్‌షెల్‌లో వాడేవారు 'ఎస్‌సి డాట్ ఇఎక్స్ఇ' అని పూర్తిపేరు ఇవ్వాలి.

6. పాత ఫోల్డరును చెరపవద్దు. దాని పేరు మార్చాలి. మేము దాని పేరు చివర 'పాత' అని చేర్చాము. కొత్త స్థాపనకు అది అడ్డురాదు. మనకు అవసరమైతే చేతికి అందుతుంది. పేరు మార్చడం తిరిగి సరిదిద్దుకోదగిన పని. చెరపడం అలా కాదు.

7. యంత్రాన్ని మళ్ళీ ప్రారంభించాలి. దీనిని చిన్నచూపు చూడరాదు. వాయిదా పడిన చెరపడాలన్నీ అప్పుడే పూర్తవుతాయి.

8. ఇప్పుడు కొత్తగా స్థాపించాలి. మైసీక్వెల్ మామూలుగా 3306 అనే ద్వారసంఖ్యను వాడుతుంది. పాత సర్వరేదైనా ఇంకా నడుస్తూ ఆ ద్వారాన్ని ఆక్రమించుకొని ఉంటే కొత్తది ప్రారంభం కాదు. 'నెట్‌స్టాట్' ఆజ్ఞతో ఆ సంగతి తెలుసుకోవచ్చు.

మా స్థాపన ఈసారి ఏ ఆటంకమూ లేకుండా చివరి మెట్టు దాటింది. తరువాత సర్వీసును ఆపి, కొత్త డేటా ఫోల్డరు స్థానంలో పాతదాని నకలును ఉంచాము. మరల ప్రారంభించాము. అదే 8.0 శ్రేణికి చెందిన తరువాతి రూపాంతరం కాబట్టి అది పాత సమాచారాన్ని అంగీకరించింది. దీనికంటె పాత శ్రేణిని స్థాపించి ఉంటే పని జరిగేది కాదు, 8.0 రాసిన సమాచారాన్ని వెనుకటి 5.7 శ్రేణి చదవలేదు. ఫోల్డరును మార్చినప్పుడు సర్వీసు నడిచే ఖాతాకు ఆ ఫోల్డరుపై చదివే, రాసే అనుమతి ఉన్నదో లేదో చూసుకోవడం మరువరాదు.

ఇక సంకేతపదం. పాత సమాచారంతో పాటు పాత సంకేతపదం కూడ తిరిగి వచ్చింది. కొత్త స్థాపనలో మేము ఇచ్చినది చెల్లలేదు. ఇది చాలామందిని తికమక పెట్టే విషయం. వాడుకరుల పేర్లు, సంకేతపదాలు ఆ డేటా ఫోల్డరులోనే ఉంటాయి. దీనికి మైసీక్వెల్ వారే ఒక మార్గం చూపారు. సంకేతపదాన్ని మార్చే ఆజ్ఞను ఒక చిన్న ఫైలులో రాసి, ప్రారంభంలోనే ఆ ఫైలును చదవమని సర్వరుకు చెప్పాలి. పని కాగానే ఆ ఫైలును చెరిపివేయాలి. ఇది మాత్రం నిశ్చయంగా చెరపవలసిన శేషం. సంకేతపదం అందులో బహిరంగంగా రాసి ఉంటుంది గదా!

పట్టిక తెరుచుకున్నది. ఉర్దూ పేర్లు కుడినుండి ఎడమకు, తెలుగు పేర్లు ఎడమనుండి కుడికి, ఒక్క అక్షరం చెదరకుండా నిలిచి ఉన్నాయి. ప్రపంచ లిపులన్నిటినీ ఇముడ్చుకొనగల యూనికోడ్ పద్ధతిని 8.0 శ్రేణి తానుగానే పాటించడం ఇందుకు కారణం. లైబ్రేరియన్ గారు తెరను చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

చేయరాని పనులు

శేషాన్ని తొలగించే తొందరలో కొందరు మరింత పెద్ద కీడు తెచ్చుకుంటారు. స్థలం కలిసివస్తుందని విండోస్ ఫోల్డరులోని ఇన్‌స్టాలర్ అనే దాచిన ఫోల్డరును చెరిపేవారున్నారు. భవిష్యత్తులో ప్రోగ్రాములను తొలగించడానికి, బాగుచేయడానికి కావలసిన ప్రతులు దాచి ఉంచేది అక్కడే. అది పోతే ముందు చెప్పిన 1612, 1714 వంటి సంఖ్యలు ఒక్కొక్కటిగా దర్శనమిస్తాయి.

రిజిస్ట్రీని శుభ్రం చేస్తామని చెప్పుకొనే ప్రోగ్రాములను కూడ నమ్మరాదు. అటువంటివాటి వాడకాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థ సమర్థించదు. ఆ సంస్థ స్వయంగా రూపొందించిన విండోస్ ఇన్‌స్టాలర్ క్లీనప్ అనే ఉపకరణం కూడ ఇతర ప్రోగ్రాములకు హాని చేసే ప్రమాదం ఉన్నందున 2010లో ఉపసంహరించబడింది. చేసినవారే వెనుకకు తీసుకున్న కత్తిని మనం పట్టుకొని విసరడం ప్రమాదం. తప్పనిసరి అయినప్పుడు, ఏ పద్దు ఏ ప్రోగ్రాముదో స్పష్టంగా తెలిసిన పిదప, ఆ ఒక్క పద్దును మాత్రమే, ముందుగా ఎగుమతి చేసుకొని తీసివేయాలి. 64 బిట్ల విండోస్‌లో 32 బిట్ల ప్రోగ్రాముల పద్దులు 'వావ్ 6432 నోడ్' అనే వేరొక విభాగంలో ఉంటాయన్న సంగతి కూడ గుర్తుంచుకోవాలి. ఒకచోట కనిపించలేదని లేదనుకొనరాదు.

ఇతర వ్యవస్థలలో

ఈ సమస్య విండోస్‌కు మాత్రమే పరిమితం కాదు. డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థలలో 'రిమూవ్' అనే ఆజ్ఞకు, 'పర్జ్' అనే ఆజ్ఞకు భేదమున్నది. మొదటిది ప్రోగ్రామును తీసి, అమరికల ఫైళ్ళను ఉంచుతుంది. రెండవది ఆ అమరికలను కూడ తీస్తుంది. తీసివేయబడి అమరికలు మాత్రం మిగిలిన ప్రోగ్రాముల పక్కన జాబితాలో 'ఆర్‌సి' అనే రెండక్షరాలు కనిపిస్తాయి. ఈ భేదాన్ని దాచకుండా రెండు మాటలతో స్పష్టం చేయడం ఆ వ్యవస్థ చేసిన మంచి పని. మెకింటాష్‌లో ప్రోగ్రామును చెత్తబుట్టలోకి లాగితే చాలునని అనుకుంటారు గాని, దాని అమరికలు లైబ్రరీ అనే ఫోల్డరులో నిలిచే ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోనులో సైతం, పాత యాప్ ఒక సంతకంతోను, కొత్తది వేరొక సంతకంతోను తయారై ఉంటే, పాతది పూర్తిగా తొలగేవరకు కొత్తది ఎక్కదు. ఫోనులో ఇద్దరు వాడుకరుల ఖాతాలు ఉండి, ఒకరి ఖాతాలో అది మిగిలి ఉన్నా ఇదే ఇబ్బంది.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! ఈ సంఘటననుండి నేను గ్రహించినవి మూడు విషయాలు. ఒకే పనిని ఒకే విధంగా పదిసార్లు చేయడం ప్రయత్నం అనిపించుకోదు. రెండవసారి కూడ అదేచోట ఆగితే, చేయి ఆపి చిట్టా చదవాలి. ఇక చెరిపే ముందు అందులో ఏమున్నదని ఒక్కసారి అడగాలి. ఆ ప్రశ్న వేయడానికి కంప్యూటరు శాస్త్రంలో పట్టా అవసరం లేదు. ఆనాడు ఆ ప్రశ్న వేసినవారు ఇంతవరకు ఒక్క ప్రోగ్రామునైనా స్థాపించి ఎరుగరు.

కళాశాల కమిటీ వారికి కూడ ఒక చిన్న మనవి. మన గ్రంథాలయపు పట్టిక ఒకే యంత్రంలో, ఒకే ప్రతిగా, ఎవరికీ తెలియని సంకేతపదం వెనుక ఉండిపోవడం ఆ విద్యార్థి తప్పు కాదు. దానికి ఏర్పాటు చేయవలసిన మాది తప్పు. ఇప్పుడు నెలకొకసారి పట్టిక మొత్తాన్ని సాదా అక్షరరూపంలోకి ఎగుమతి చేసి, రెండు వేర్వేరు డిస్కులలో భద్రపరుస్తున్నాము. ఒక డిస్కు గ్రంథాలయం వెలుపల ఉంటుంది. అక్షరరూపంలోని ప్రతి ఒక రూపాంతరానికి మాత్రమే కట్టుబడి ఉండదు. ప్రోగ్రాము మారినా చదువుకోవచ్చు. సంకేతపదాన్ని కవరులో ఉంచి, సీలు వేసి, ప్రిన్సిపాల్ గారి బీరువాలో పెట్టించాము. ఏటా బాధ్యత మారేటప్పుడు దాఖలు, ఖారిజు రెండూ రాతపూర్వకంగా జరగాలని కమిటీ వారు ఒక నియమం చేస్తే, రాబోయే విద్యార్థులకు ఎంతో మేలు చేసినవారవుతారు.

ఆ బి.ఎస్సీ. విద్యార్థి ఇప్పుడు మూడవ అలమారా దగ్గర కూర్చొని ఉన్నాడు. పాత బృందం ఆపినచోటనుండి అతడు మొదలుపెట్టాడు. 'పాత' అనే మాట చేర్చిన ఆ ఫోల్డరు మాత్రం మా గ్రంథాలయపు కంప్యూటరులో ఇంకా అలాగే ఉన్నది. దానిని చెరపమని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.